వైరస్‌లను చంపే లిక్విడ్ కొంటున్నారా? ఫోన్ స్పెక్స్ చదివినట్టే లేబుల్ చదవండి

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, డిస్‌ప్లే ఎన్ని నిట్స్ అని వారం రోజులు వెతుకుతాం. అదే ఇంట్లో బండలు తుడిచే లిక్విడ్ డబ్బాను వెనక్కి తిప్పి ఒక్కసారైనా చదివామా? నేనైతే చదవలేదు, పోయిన వానాకాలం దాకా.

మాది మెట్‌పల్లి. తమ్ముడికి ఫ్లూ వచ్చి నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాడు. అయిదో రోజు అమ్మ ఇల్లంతా కడగాలని కూర్చుంది. బాత్రూంలో టైల్స్ మీద టాయిలెట్ క్లీనర్ పోసి, అది ఆరకముందే కిరాణా షాపులో తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ చల్లింది. నేను హాల్లో ఒక ఇయర్‌బడ్స్ రివ్యూ రాసుకుంటున్నా. ముందు ముక్కు మండింది, తర్వాత అమ్మ దగ్గు వినపడింది. ఆగకుండా దగ్గుతోంది. చేయి పట్టుకుని బయటికి గుంజుకొచ్చా. "రెండూ కలిపితే ఇంకా మంచిగ సస్తయనుకున్న బిడ్డా" అంది, కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే. ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తున్న మనిషి, తంబాకు దుమ్ముకే ఎప్పుడూ ఆయాసం. ఆ సాయంత్రం ఆస్పత్రిలో నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది.

తమ్ముడి ఫ్లూ కంటే ఇంట్లో ఎక్కువ నష్టం చేసింది ఆ క్లీనింగే. అందుకే ఈసారి ఫోన్ పక్కన పెట్టి డిసిన్ఫెక్టెంట్ల గురించి రాస్తున్నా. ఫోన్ దగ్గరికి కూడా వస్తాం, కంగారు పడకండి.

ఆ బాత్రూంలో జరిగింది ఏంటి?

మన దగ్గర దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాదాపు 10 శాతం. బ్లీచింగ్ పౌడర్లో, బ్లీచ్ లిక్విడ్లో ఉండేది హైపోక్లోరైట్. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్లు తెరిచి శత్రువుల మీదికి వదిలింది ఈ గ్యాస్‌నే. కిటికీ కూడా లేని నాలుగడుగుల బాత్రూంలో దాన్ని మనమే తయారు చేసుకుంటున్నాం.

బ్లీచ్‌తో కలపకూడనివి ఇంకా ఉన్నాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులను మండిస్తాయి. శానిటైజర్, స్పిరిట్‌తో కలిస్తే క్లోరోఫామ్ లాంటివి తయారవుతాయి. వెనిగర్, నిమ్మరసం కూడా యాసిడ్లే కాబట్టి వాటితోనూ క్లోరినే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వెనిగర్ కలిపితే పెరాసిటిక్ యాసిడ్ వస్తుంది, అదీ కళ్లకు, గొంతుకు మంచిది కాదు. రూల్ ఒక్కటే: ఒక చోట ఒకసారికి ఒకటే లిక్విడ్. మారాలంటే ముందుదాన్ని బాగా నీళ్లతో కడిగేయాలి.

పొరపాటున గ్యాస్ వచ్చేసిందంటే దాన్ని ఆపడానికి ఇంకేదో పోయకండి. మొదట బయటికి రండి. ఇంటి తలుపులు తీసి పెట్టండి. కళ్లు మండితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగండి. ఆయాసం తగ్గకపోతే 108కి కాల్ చేయండి. క్లోరిన్ ప్రభావం ఒక్కోసారి కొన్ని గంటల తర్వాత పెరుగుతుంది కాబట్టి "ఇప్పుడు బాగనే ఉన్న" అన్నా ఆ రాత్రి కనిపెట్టుకుని ఉండాలి.

ఇది మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. 2020 మొదటి మూడు నెలల్లో అమెరికాలో క్లీనింగ్ కెమికల్స్ వల్ల ఇబ్బంది పడి పాయిజన్ సెంటర్లకు వచ్చిన ఫోన్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 20 శాతం పెరిగాయి. వైరస్ భయంతో జనం డబుల్ డోస్ వాడారు మరి.

శత్రువు ఎవరో తెలియకుండా వెపన్ కొనకండి

అన్ని వైరస్‌లూ ఒకే రకం కాదు. కరోనా, ఫ్లూ లాంటి వాటికి పైన కొవ్వు పొర ఉంటుంది. చూడ్డానికి భయంకరంగా ఉన్నా ఆ పొర చాలా వీక్. సబ్బు నీళ్లు తగిలితేనే చిరిగిపోతుంది, దాంతో వైరస్ పనికిరాకుండా పోతుంది. మామూలు డిటర్జెంట్, 70 శాతం ఆల్కహాల్, పెరాక్సైడ్, అన్నీ దీనికి సరిపోతాయి.

వాంతులు, విరేచనాలు తెప్పించే నోరో వైరస్, రోటా వైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ లాంటి వాటికి ఈ కొవ్వు పొర ఉండదు. గట్టి ప్రొటీన్ పెంకు ఉంటుంది. నోరో మీద హ్యాండ్ శానిటైజర్ పెద్దగా పని చేయదు. ఇంట్లో పిల్లలకు వాంతులు పట్టుకున్నప్పుడు బ్లీచ్ వాడటంలో అర్థం ఉంది. జలుబు, ఫ్లూ అయితే బ్లీచ్ బయటికి తీయాల్సిన పనే లేదు.

వానాకాలంలో మన దగ్గర "వైరల్ ఫీవర్" అని అందరూ అనేదాంట్లో డెంగీ, చికున్‌గున్యా కూడా ఉంటాయి. అవి దోమ కుడితే వస్తాయి, టేబుల్ ముట్టుకుంటే రావు. బండలు ఎంత తుడిచినా డెంగీ ఆగదు, కూలర్లో నిలిచిన నీళ్లు పారబోస్తే ఆగుతుంది.

ఇంకోటి, వస్తువుల మీద నుంచి ఎంత అంటుకుంటుంది? 2020 మార్చిలో వచ్చిన ఒక ల్యాబ్ స్టడీలో కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటలు, రాగి మీద 4 గంటలు కనిపించింది. ఆ ఏడాది అందరం పాల ప్యాకెట్లు కూడా కడిగాం, గుర్తుందా? తర్వాత 2021 ఏప్రిల్‌లో అమెరికా సీడీసీ లెక్క చెప్పింది: వైరస్ ఉన్న చోట ఒకసారి ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువ. గాలి ద్వారానే ఎక్కువ. అంటే ఇంట్లో ఒకరికి దగ్గు ఉన్నప్పుడు కిటికీ తీయడం లీటరు లిక్విడ్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

అలాగని సర్ఫేస్ క్లీనింగ్ దండగ అనడం లేదు. జబ్బు మనిషి ముట్టుకునే తలుపు గడియ, రిమోట్, స్విచ్ బోర్డు, నల్లా, ఫోన్, ఇవి రోజుకు ఒకసారి తుడిస్తే చాలు. గోడలు, రోడ్లు అక్కర్లేదు.

రోడ్లంటే గుర్తొచ్చింది. 2020 మార్చిలో కరీంనగర్‌లో కేసులు బయటపడి ఇంటింటికీ సర్వే టీమ్‌లు తిరిగిన రోజుల్లో, వీధుల్లో హైపోక్లోరైట్ స్ప్రే చేసే ట్యాంకర్లే మనకు ధైర్యంగా కనిపించాయి. నేనూ వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నా. రెండు నెలల్లోనే డబ్ల్యూహెచ్‌ఓ వీధుల్లో స్ప్రే చేయడం వల్ల ఉపయోగం లేదంది, ఎందుకంటే మట్టి, దుమ్ము తగలగానే క్లోరిన్ బలం పోతుంది. మనుషుల మీద స్ప్రే చేయడాన్ని అయితే ఏ పరిస్థితుల్లోనూ వద్దంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ అంతకుముందే, 2020 ఏప్రిల్ 18న, అదే మాట చెప్పింది. మార్కెట్ల ముందు పెట్టిన శానిటైజేషన్ టన్నెల్స్ కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ సుప్రీంకోర్టు చెప్పేదాకా, అంటే ఆ నవంబర్ దాకా, సాగింది.

ఇప్పుడు స్పెక్ షీట్

డబ్బా ముందు వైపు "99.9 శాతం క్రిములు ఖతం" అని ఉంటుంది. అది కెమెరా మీద రాసే "ఏఐ" లాంటిది, వదిలేయండి. వెనక్కి తిప్పి మూడు సంగతులు వెతకండి: యాక్టివ్ ఇంగ్రీడియెంట్ ఏంటి, ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలి, నీళ్లు ఎంత కలపాలి.

యాక్టివ్ ఇంగ్రీడియెంట్ అంటే ప్రాసెసర్ అనుకోండి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి. బెంజాల్కోనియం క్లోరైడ్ (లైజాల్ లాంటి ఫ్లోర్ క్లీనర్లలో ఉండేది ఇదే) క్వాట్స్ అనే కుటుంబానికి చెందింది. కరోనా, ఫ్లూల మీద పని చేస్తుంది, కానీ ఆస్తమా ఉన్నవాళ్లకు స్ప్రే రూపంలో పడకపోవచ్చు. క్లోరోజైలినాల్ అంటే డెటాల్ వాసన, ఇది బ్యాక్టీరియా మీద మంచిది, పెంకు వైరస్‌ల మీద వీక్. సోడియం హైపోక్లోరైట్ అంటే బ్లీచ్. నల్ల ఫినైల్ తారు నుంచి తీసిన ఫినాల్స్‌తో చేస్తారు, తెల్ల ఫినైల్ ఎక్కువగా పైన్ ఆయిల్. ఈ ఫినైల్స్ వాసనకే శుభ్రం అనిపిస్తాయి, వైరస్ పనికి నేను వీటిని కొనను. అద్దాలు తుడిచే నీలం స్ప్రే అసలు డిసిన్ఫెక్టెంటే కాదు, క్లీనర్ అంతే.

మరి సేఫర్ ఏవి? అమెరికాలో ఈపీఏ అనే సంస్థ డిసిన్ఫెక్టెంట్లకు "డిజైన్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్" అని ఒక లోగో ఇస్తుంది. దానికి ఒప్పుకున్న యాక్టివ్ ఇంగ్రీడియెంట్ల లిస్టులో హైడ్రోజన్ పెరాక్సైడ్, సిట్రిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్, ఇథనాల్, ఐసోప్రొపనాల్ ఉన్నాయి. బ్లీచ్, క్వాట్స్ లేవు. ఆ లోగో మన షాపుల్లో కనపడదు గానీ, ఆ పేర్లు మనకూ పనికొస్తాయి. లేబుల్ మీద ఈ పేర్లు ఉంటే మొదటి ఛాయిస్ అవే.

నా పిక్ హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరుకుతుంది, పని అయ్యాక నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, గదిలో ఘాటు మిగలదు. వైరస్‌లకు 0.5 శాతం ఉంటే చాలని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది. 3 శాతం సీసా అయితే నేరుగా వాడొచ్చు. 6 శాతం అయితే అంతే నీళ్లు కలపండి. ముదురు రంగు సీసాలోనే ఉంచాలి, వెలుతురు తగిలితే బలం పోతుంది. మార్బుల్, రంగు బట్టలు, అల్యూమినియం మీద వద్దు.

ఎందుకింత పట్టింపు అంటే, అమెరికాలో 73 వేల మందికి పైగా నర్సుల మీద చేసి 2019లో ప్రచురించిన స్టడీలో, వారం వారం డిసిన్ఫెక్టెంట్లతో పని చేసేవాళ్లకు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే రిస్క్ 25 నుంచి 38 శాతం ఎక్కువ కనిపించింది. మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు చాటల్లో తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తారో మీకు తెలుసు. ఆ ఇంట్లో బండలు తుడిచేదీ వాళ్లే. ఆ ఊపిరితిత్తులకు ఇంకో లోడ్ అవసరమా?

కాంటాక్ట్ టైమ్: ఎవరూ పట్టించుకోని స్పెక్

ఫాస్ట్ ఛార్జర్ పెట్టి పది సెకన్లకే పీకేసి "ఛార్జ్ ఎక్కలేదు" అంటే ఎలా ఉంటుంది? స్ప్రే కొట్టి వెంటనే పొడి గుడ్డతో తుడిచేయడం కూడా అంతే. వైరస్ చావాలంటే ఆ చోటు లేబుల్ చెప్పినంత సేపు తడిగా ఉండాలి. ఆల్కహాల్, పెరాక్సైడ్, 0.1 శాతం బ్లీచ్‌కు కనీసం ఒక నిమిషం. చాలా క్వాట్ క్లీనర్లకు ఇంకా ఎక్కువ, అయిదు, పది నిమిషాలు కూడా ఉంటుంది.

దీనికి ముందు ఇంకో స్టెప్ ఉంది. జిడ్డు, మట్టి ఉంటే మందు బలం వాటి మీదే ఖర్చయిపోతుంది. ముందు సబ్బు నీళ్లతో తుడిచి, తర్వాత డిసిన్ఫెక్టెంట్.

తుడిచే గుడ్డ సంగతి ఇంకా ఇంట్రెస్టింగ్. మెట్‌పల్లి అంటే ఖాదీ, ఇంట్లో పాత కాటన్ గుడ్డలకు కొదవ లేదు. కానీ కాటన్ పోగులు క్వాట్స్‌ను పట్టేసుకుంటాయి, బకెట్లో నానబెట్టిన గుడ్డలోనే సగం మందు ఆగిపోవచ్చు. కాబట్టి బెంజాల్కోనియం క్లీనర్ అయితే మైక్రోఫైబర్ గుడ్డ, లేదా లిక్విడ్‌ను నేరుగా బండ మీద పోసి రుద్దడం. పెరాక్సైడ్, ఆల్కహాల్‌కు కాటన్‌తో ఈ గొడవ లేదు.

బ్లీచ్ తప్పనిసరి అయితే లెక్క ఇదీ

వాంతులు, విరేచనాల కేసుల్లో బాత్రూం బండలకు బ్లీచ్ కావాలి. టార్గెట్ 0.1 శాతం, అంటే 1000 పీపీఎం. సీసా మీద 5 శాతం అని ఉంటే 20 ఎంఎల్ తీసుకుని, నీళ్లు కలిపి మొత్తం ఒక లీటరు చేయండి. 4 శాతం అయితే 25 ఎంఎల్. బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటే 3 గ్రాములకు ఒక లీటరు. వాంతి పడిన చోటే అయితే కాగితంతో ఎత్తేసి, దీనికి అయిదు రెట్లు బలంగా, అంటే 0.5 శాతం చేసి, కాసేపు వదిలేయండి.

బకెట్లో గుప్పెడు పోస్తే ఇంకా మంచిది అనుకోవద్దు. ఎక్కువ వేస్తే ఘాటు పెరుగుతుంది, నల్లాలు తుప్పు పడతాయి, వైరస్ రెండుసార్లు చావదు. ఇంకోవైపు, మూతి విప్పిన బ్లీచింగ్ పౌడర్ బ్యాగు మన ఎండలకు నెలల్లో ఉత్త సున్నంగా మారిపోతుంది. ఘాటు వాసన లేని పౌడర్‌కు బలం లేనట్టే. లిక్విడ్ బ్లీచ్ కూడా వేడికి, వెలుతురుకు తగ్గుతుంది, అందుకే తయారీ తేదీ చూసి కొనండి. నీళ్లు కలిపింది ఏ రోజుది ఆ రోజే. చన్నీళ్లే వాడాలి, గ్లౌజులు వేసుకోవాలి, తలుపు తెరిచి ఉంచాలి.

ఇక మన ఫోన్

ఫోన్ స్క్రీన్ మీద వేలి జిడ్డు అంటకుండా ఒక సన్నని కోటింగ్ ఉంటుంది. బ్లీచ్, అసిటోన్, గాఢమైన క్లీనర్లు దాన్ని తినేస్తాయి. చాలా ఏళ్లు కంపెనీలు ఏ డిసిన్ఫెక్టెంటూ వద్దనేవి. 2020 మార్చిలో యాపిల్ తన సపోర్ట్ పేజీ మార్చి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో మెల్లగా తుడవొచ్చని ఒప్పుకుంది. బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దంది. సో, పైన నేను పొగిడిన పెరాక్సైడ్ ఇంటికి, ఫోన్‌కు కాదు. శాంసంగ్ కూడా ఆల్కహాల్‌ను గుడ్డకు రాసి తుడవమంటుంది, ఫోన్ మీద స్ప్రే చేయొద్దంటుంది.

70 శాతమే ఎందుకు, 99 శాతం ఎందుకు కాదు? ప్రొటీన్లను విరగ్గొట్టడానికి కొంచెం నీళ్లు కావాలి, పైగా 99 శాతం ఆల్కహాల్ నిమిషం కాకముందే ఆవిరైపోతుంది. రిపేర్ షాపులో బోర్డు కడగడానికి 99 కరెక్ట్, వైరస్‌కు 70. హ్యాండ్ శానిటైజర్ జెల్ ఫోన్‌కు వాడకండి, అందులోని గ్లిజరిన్ స్పీకర్ జాలీల్లో పేరుకుంటుంది. ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, తడి కారని గుడ్డతో తుడిచి నిమిషం వదిలేయండి. గ్యాస్ స్టవ్ దగ్గర మాత్రం వద్దు, ఆల్కహాల్ అంటుకుంటుంది.

యూవీ బాక్సులు? 2020లో శాంసంగ్ మన దేశంలో 3,599 రూపాయలకు ఒకటి తెచ్చింది, పది నిమిషాల సైకిల్, వైర్‌లెస్ ఛార్జింగ్ కూడా. అదే ఏడాది మేలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ రీసెర్చ్ సెంటర్ ఇమారత్ "డ్రవ్స్" అని ఒక క్యాబినెట్ చేసింది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కరెన్సీ నోట్లకు 360 డిగ్రీల్లో యూవీ-సీ కాంతి పడేలా, చేయి తగలకుండా సెన్సర్‌తో డ్రా తెరుచుకునేలా డిజైన్ చేశారు. మనవాళ్ల ఇంజినీరింగ్ చూసి నాకు ముచ్చటేసింది. ఆ 360 డిగ్రీలే అసలు పాయింట్: కాంతి పడని చోట వైరస్ అలాగే ఉంటుంది. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే చేతి కర్రల్లాంటి "యూవీ స్టెరిలైజర్లు" చాలావరకు ఊదా రంగు ఎల్ఈడీలే, 400 నానోమీటర్ల దగ్గరి కాంతి. పని చేసే యూవీ-సీ 254 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉంటుంది, మన కంటికి దాదాపు కనపడదు. స్పెక్స్‌లో వేవ్‌లెంత్ రాయకపోతే కొనొద్దు. నిజంగా యూవీ-సీ అయితే, తెరిచి ఉన్న కర్ర మీ కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. ఎటు చూసినా కర్ర వేస్ట్, మూత ఉన్న బాక్సు అయితే ఓకే, ఇంట్లో 70 శాతం వైప్ ఉంటే బాక్సూ అక్కర్లేదు.

ఫోన్‌ను మే నెల ఎండలో పెడితే? వైరస్ చస్తుంది, నిజమే. ఆస్ట్రేలియా సీఎస్ఐఆర్ఓ వాళ్లు 20 డిగ్రీల చీకటి గదిలో గాజు మీద 28 రోజులు బతికిన కరోనా వైరస్, 40 డిగ్రీల్లో 48 గంటలు దాటి దొరకలేదన్నారు. కానీ వైరస్ కంటే ముందు మీ బ్యాటరీ పోతుంది.

పసుపు నీళ్లు, వేపాకు

దీని మీద కామెడీ చేయడం నాకు ఇష్టం లేదు. పసుపు పండించే ఊరు మాది, మార్కెట్ యార్డు నిండా కొమ్ములు ఆరబోసి ఉంటాయి. 2020లో వాకిట్లో సాన్పితో పాటు పసుపు నీళ్లు చల్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ పసుపులో మందు గుణం ఉందని చెప్పే కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. బండ మీద వైరస్‌ను ఇంత సేపట్లో ఇంత శాతం చంపుతుందని లెక్క లేదు. వాకిట్లో చల్లితే నష్టమేం లేదు, జబ్బు మనిషి గదిలో దాన్ని నమ్ముకుని సబ్బు మానేస్తేనే నష్టం.

ఎక్కడ పెడుతున్నారు?

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో లాక్‌డౌన్‌లో మందు దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అది తెలిసి తాగిన విషాదం. తెలియక జరిగేవి మన వంటింట్లోనే ఉన్నాయి: విడిగా లీటర్ల లెక్కన అమ్మే ఫినైల్, యాసిడ్, బ్లీచ్‌లను కూల్‌డ్రింక్ సీసాల్లో పోయించుకొచ్చి సింక్ కింద పెడతాం. మూడేళ్ల పిల్లకు అది స్ప్రైటే. లేబుల్ లేని లూజ్ లిక్విడ్‌లో శాతం ఎంతో తెలీదు, అంటే పైన చెప్పిన లెక్కలేవీ దానికి పనికిరావు. ఒరిజినల్ డబ్బాలోనే, పిల్లల చేయి అందని పై అరలో పెట్టండి. యాసిడ్‌నూ బ్లీచ్‌నూ ఒకే అరలో పెట్టకండి.

మా ఇంట్లో ఇప్పుడు టాయిలెట్ క్లీనర్ బాత్రూంలో, బ్లీచ్ మేడ మీది స్టోర్ రూంలో ఉంటాయి. రెండు డబ్బాల మీదా మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో "దీనితో ఏదీ కలపొద్దు" అని రాశా. అమ్మ అది చదివి, "నాకు చదువు రాదనుకున్నవా, గంత పెద్దగ రాసినవ్" అంది. తర్వాత తనే పోయి పక్కింటి వదినె వాళ్ల సింక్ కింది సీసాలు కూడా బయటికి తీయించింది.